అగ్రిమెంటు ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు కూలుతుంది: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లిలో పీజీ, కేఆర్ పురంలో లీజు ఇల్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, హొసకోట దారిలో సైటు. ఈ ఊరికి వచ్చిన తెలుగువాళ్లు మొదటి రెండేళ్లలోనే నాలుగైదు కాగితాల మీద సంతకాలు పెట్టేస్తారు. గొడవ వచ్చాకే వాటిని చదువుతారు. అలా చదివాక నా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలు ఇవి. చట్టం ఎక్కువగా 1872 నాటి భారత ఒప్పందాల చట్టమే. స్థలం, స్టాంపు విషయాలకు కర్ణాటక చట్టాలు కలుస్తాయి. ఇక్కడ చెప్పేది సాధారణ నియమం. మీ కాగితంలో ఉన్న ఒక్క వాక్యం జవాబును మార్చేయవచ్చు.

"ఈ అగ్రిమెంటు చెల్లదు" అని అవతలివాళ్ల లాయరు నోటీసు పంపాడు. అంటే నా పని అయిపోయినట్టేనా?

ముందు ఏ లెక్కన చెల్లదంటున్నాడో చూడండి. ఇందులో నాలుగు రకాలున్నాయి, నాలుగింటి ఫలితాలూ వేరు. కొన్ని ఒప్పందాలు చట్టం దృష్టిలో అసలు పుట్టనే లేదు: మైనరుతో చేసుకున్నవి, చట్టం కాదన్న పని కోసం చేసుకున్నవి. కొన్ని పుట్టాయి, బతికే ఉన్నాయి, కానీ మోసపోయినవాడు లేదా బెదిరింపుకు లొంగినవాడు కావాలనుకుంటే రద్దు చేయించుకోవచ్చు. ఆ హక్కు అతనికే, మోసం చేసినవాడికి లేదు. మూడో రకంలో ఒప్పందమంతా బాగుంటుంది, ఒక్క షరతు మాత్రం ఎగిరిపోతుంది. నాలుగోదాంట్లో ఒప్పందం బాగుంటుంది, కాగితం బాగుండదు: స్టాంపు చాలలేదు, రిజిస్ట్రేషన్ కాలేదు, కాబట్టి కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

జనం ఎక్కువగా నష్టపోయేది రెండో రకంలో. మోసం తెలిసింది, అయినా అద్దె తీసుకుంటూనే ఉన్నారు, తర్వాతి వాయిదా కట్టారు, ఏడాది గడిచింది. అప్పుడు కోర్టు "తెలిసీ ఒప్పుకున్నావు కదా" అంటుంది. అందుకే, రద్దు చేయదలుచుకుంటే తెలిసిన వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఒప్పందం కింద మీకు అందిన డబ్బు గానీ వస్తువు గానీ తిరిగి ఇస్తానని కూడా అందులోనే రాయండి. 64, 65 సెక్షన్లు అడిగేది అదే.

మా బావగారు "సంతకం పెట్టకపోతే ఉరేసుకుంటాను" అని బెదిరించి భాగం వదులుకున్నట్టు రాయించుకున్నాడు. ఇది బలవంతం కిందికి వస్తుందా?

వస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు వందేళ్ల కిందటే వచ్చింది, అదీ ఒక తెలుగు కుటుంబం కేసులో. చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ, మద్రాసు హైకోర్టు, 1917. భర్త ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి, భార్య చేతా కొడుకు చేతా తన సోదరుడి పేర ఆస్తి వదులుకుంటున్నట్టు రాయించాడు. ఆత్మహత్యకు శిక్ష లేదు కాబట్టి అది నిషిద్ధమైన పని కాదని ఒక వాదన నడిచింది. మెజారిటీ న్యాయమూర్తులు దాన్ని తోసిపుచ్చి, అది 15వ సెక్షన్ కింద బలవంతమేనన్నారు.

అయితే అన్ని బెదిరింపులూ ఒకటి కావు. "చెక్కు బౌన్స్ కేసు వేస్తాను" అనడం చట్టం ఇచ్చిన దారిని వాడుకుంటాననడమే. "గూండాలను పంపుతాను", "నీ మీద దొంగ కేసు పెట్టిస్తాను" అనడం బలవంతం. ఇంట్లో అలగడం, మాట్లాడటం మానేయడం ఎంత బాధపెట్టినా బలవంతం కాదు. ఇలాంటి కేసుల్లో సాక్ష్యమే కష్టం. ఆ రోజు మీరు ఎవరికి ఫోన్ చేసి చెప్పారు, ఏ మెసేజ్ పంపారు అన్నవే చివరికి పనికొస్తాయి.

అమ్మ ఊళ్లో ఇల్లు అన్నయ్య పేర గిఫ్ట్ రాసింది. చూసుకుంటానన్నవాడు ఇప్పుడు చూడట్లేదు.

రెండు దారులున్నాయి. ఒకటి ఒప్పందాల చట్టం 16వ సెక్షన్. ఒకరి మీద ఆధారపడి బతికే మనిషి చేత, ఆ ఆధారాన్ని వాడుకుని అన్యాయంగా రాయించుకుంటే రద్దు చేయించవచ్చు. అవతలివాడికి అంత పట్టు ఉందని, బేరం చూడగానే అన్యాయంగా ఉందని తేలితే, అది స్వేచ్ఛగా రాసిచ్చిందేనని నిరూపించే భారం రాయించుకున్నవాడి మీదే పడుతుంది.

రెండోది 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. సివిల్ దావాకన్నా ఇది త్వరగా తేలుతుంది. చిక్కల్లా ఆ షరతు ఎక్కడుందన్నదే. డీడ్‌లో "ప్రేమాభిమానాలతో" అని మాత్రమే ఉంటే ఇబ్బంది అని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, గిఫ్ట్ రాసిన రోజే కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లికి న్యాయం చేసింది. ఇప్పుడు గిఫ్ట్ రాయబోతున్నవాళ్లు ఆ ఒక్క వాక్యం డీడ్‌లోనే రాయించండి. కొడుకు నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడే తల్లిదండ్రులే తర్వాత ట్రిబ్యునల్ మెట్లెక్కుతున్నారు.

డాక్యుమెంటు మొత్తం కన్నడంలో ఉంది. నాకు చదవడం రాదు. సంతకం పెట్టాను. చెల్లుతుందా?

చదవలేదన్న ఒక్క కారణంతో ఒప్పందం పోదు. సంతకం పెట్టినవాడు చదివే పెట్టాడని చట్టం అనుకుంటుంది. మీకు చెప్పింది ఒకటి, రాసింది ఇంకొకటి అని మీరు చూపించాలి. కర్ణాటక నుంచి వెళ్లిన నింగవ్వ కేసులో సుప్రీంకోర్టు 1968లో ఒక తేడా గీసింది. జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) అని చెప్పి సేల్ డీడ్ మీద సంతకం పెట్టిస్తే, అంటే కాగితం రకం గురించే మోసం జరిగితే, ఆ పత్రం మొదటి నుంచీ శూన్యం. సేల్ డీడే అని తెలుసు, కానీ లోపల విస్తీర్ణమో సర్వే నంబరో మార్చి రాశారు అంటే అది రద్దు చేయించుకోదగినది మాత్రమే. తెలిసిన నాటి నుంచి 3 ఏళ్ల లోపు కోర్టుకు వెళ్లాలి.

కన్నడ అక్షరాలు మన అక్షరాల్లాగే ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదివేసి అర్థమైందనుకునేవాళ్లు కొందరున్నారు. అలా వద్దు. డాక్యుమెంటు రాసిన మనిషి కాకుండా కన్నడం బాగా వచ్చిన ఇంకొకరి చేత చదివించుకుని, "నాకు తెలుగులో చదివి వివరించగా అర్థం చేసుకుని సంతకం చేశాను" అన్న మాట, చదివినవాడి పేరుతో సహా చివర రాయించండి. అది అమ్మేవాడికి కూడా మంచిదే.

ఫ్లాటు 'ఏ' ఖాతా (నగరపాలిక రికార్డుల్లో సక్రమంగా ఉన్న ఆస్తి) అన్నారు. అడ్వాన్సు ఇచ్చాక 'బీ' ఖాతా (లోపాలున్న ఆస్తి) అని తేలింది.

అబద్ధమని తెలిసీ చెప్తే మోసం, 17వ సెక్షన్. తానూ నిజమేననుకుని చెప్తే తప్పుడు కథనం, 18వ సెక్షన్. రెండింట్లోనూ ఒప్పందం రద్దు చేసుకుని అడ్వాన్సు వెనక్కి అడగవచ్చు. మోసమైతే నష్టపరిహారం కూడా.

కానీ 19వ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది, దాన్ని ఎవరూ చదవరు. మామూలు జాగ్రత్తతో నిజం కనుక్కునే వీలు మీకు ఉండి కూడా కనుక్కోకపోతే, తప్పుడు కథనం పేరుతోనో అవతలివాడు మౌనంగా ఉన్నాడనో రద్దు చేయించుకోలేరు. ఖాతా, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) రెండూ ఇవాళ ఆన్‌లైన్‌లో చూడగలిగినవే, ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో దొరుకుతుంది. "కావేరి పోర్టల్‌లో ఎందుకు చూడలేదు?" అని అవతలి లాయరు తప్పక అడుగుతాడు. నోరు విప్పి పచ్చి అబద్ధం చెప్పినచోట ఈ మినహాయింపు వాడికి పనికిరాదు. అందుకే ఆ మాట బ్రోకరు చేత ఫోన్‌లో కాదు, ఓనరు చేత మెసేజ్‌లో చెప్పించుకోవాలి.

కంపెనీ బాండు రాయించుకుంది. రెండేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలట. పైగా ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదట.

ఈ ఊళ్లో నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. ఇందులో ఉన్నవి రెండు షరతులు, వాటిని కలిపి ఆలోచించకండి.

పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉద్యోగం మానేశాక నిలవదు. మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు శూన్యమని 27వ సెక్షన్ చెప్తోంది. సుప్రీంకోర్టు 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో, 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో ఇదే వైఖరి తీసుకుంది. ఉద్యోగంలో ఉండగా వేరేచోట పనిచేయకూడదన్న షరతు మాత్రం చెల్లుతుంది. అది 1967లోనే గోలికరీ కేసులో తేలింది. కంపెనీ రహస్యాలు, సోర్సు కోడు, కస్టమర్ల జాబితా పట్టుకుపోకూడదన్నది కూడా వేరే సంగతి, మానేశాకా అది మిమ్మల్ని వెంటాడుతుంది. "నాన్ కాంపీట్ చెల్లదటగా" అని లాప్‌టాప్‌లోంచి ఫైళ్లు కాపీ చేసుకున్నవాళ్లు అనవసరంగా చిక్కుల్లో పడతారు.

బాండు డబ్బు సంగతి ఇంత తేలిక కాదు. 2025 మే వరకూ బాండ్లు నిలవవని ధైర్యంగా చెప్పే లాయర్లు చాలామంది ఉండేవాళ్లు. ఆ నెల విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, 3 ఏళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదంది, ఉద్యోగి పక్షాన కర్ణాటక హైకోర్టు ఇచ్చిన తీర్పును కొట్టేసింది. ప్రభుత్వ రంగ బ్యాంకు మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి మనిషిని తీసుకోవాల్సి వస్తుందని, ఆ ఉద్యోగి స్థాయికీ జీతానికీ ఆ మొత్తం ఎక్కువేమీ కాదని అది చూసింది.

కాబట్టి మీ కేసులో అడగాల్సినవి ఇవి: కంపెనీ మీ మీద నిజంగా శిక్షణ ఖర్చు పెట్టిందా? మీ జీతానికీ ఆ మొత్తానికీ పొంతన ఉందా? మీరు ఏడాదిన్నర పనిచేసినా పూర్తి మొత్తమే అడుగుతున్నారా? 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసిన అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. కోర్టు ఇప్పించేది దానికి మించని న్యాయమైన పరిహారం. నష్టం నిరూపించే వీలున్నచోట నిరూపించాలని 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాతిక వేల జీతగాడికి రెండు వారాల పీపీటీలు చూపించి 5 లక్షల బాండు రాయించిన కంపెనీకి ఇవన్నీ ఇబ్బందే. అలాగని రాజీనామా మెయిల్‌లో "మీ బాండు చెల్లదు" అని సవాలు విసరకండి. నోటీసు పీరియడ్ సక్రమంగా పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని, బాండు డబ్బు మీద అభ్యంతరం ఉంటే రాతలో పెట్టండి.

నెల అద్దె లేకుండా 15 లక్షలకు మూడేళ్ల లీజుకు ఇల్లు తీసుకున్నాం. నోటరీ చేయించాం. చాలదా?

చాలదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్, ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ రెండూ ఈ మాటే చెప్తాయి. నోటరీ ముద్ర సంతకాలు ఫలానావాళ్లవని చెప్తుంది, అంతే. రిజిస్టర్ కాని మూడేళ్ల లీజులోని మూడేళ్లను కోర్టులో నిలబెట్టుకోలేరు. నెలనెలా సాగే అద్దెదారుగా మిగిలి, 15 రోజుల నోటీసుకు లోబడే స్థితిలో పడవచ్చు. మీరిచ్చిన డబ్బు వెనక్కి అడిగే హక్కు మాత్రం పోదు. బ్యాంకు ద్వారా పంపి ఉంటే దాని రుజువు మీ చేతిలోనే ఉంటుంది.

ఓనరు మాట తప్పడం కన్నా పెద్ద ప్రమాదం ఓనరు అప్పు తప్పడం. ఇల్లు అప్పటికే బ్యాంకు తనఖాలో ఉండి, బ్యాంకు ఒప్పుకోలు లేకుండా మీకు లీజు ఇచ్చి, తర్వాత ఓనరు కిస్తీలు ఆపేస్తే, బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి వస్తుంది. అప్పుడు నోటరీ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎవరూ ఆగరు. తనఖా ముందా, మీ లీజు ముందా, అది రిజిస్టర్ అయిందా అన్నవే చూస్తారు. అందుకే తీసుకునేముందు ఈసీ చూడండి, ఇంటి మీద లోను ఉందా అని ఓనరును రాతలో అడగండి, ఉంటే బ్యాంకు నుంచి ఒప్పుకోలు లేఖ తెమ్మనండి. ఇంకోటి: ఓనరు కాకుండా "మేం ఇళ్లు మేనేజ్ చేస్తాం" అనే మధ్యవర్తి డబ్బు తీసుకుంటుంటే, ఓనరు అతనికి లీజు ఇచ్చే అధికారం రాసిచ్చాడో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. వాళ్లు ఓనరుకు నెలనెలా అద్దె కడతామని చెప్పి, మీ దగ్గర లక్షలు లీజు సొమ్ము తీసుకుని మాయమైతే, ఓనరు దృష్టిలో మీరెవరో.

అందరూ 11 నెలల అగ్రిమెంటే ఎందుకు రాస్తారు?

పై జవాబులోని రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికే. చట్టవిరుద్ధమేమీ కాదు. అద్దె ఇంటికి అది సరిపోతుంది. లక్షల లీజు సొమ్ముకు ఆ పద్ధతి వాడటమే తప్పు.

స్టాంపు పేపరు రెండేళ్ల నాటిది. ఆరు నెలలు దాటితే పనికిరాదంటారు?

పనికొస్తుంది. ఆరు నెలల గడువు వాడని స్టాంపు పేపరు తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవడానికి. పాత పేపరు మీద రాసినంత మాత్రాన అగ్రిమెంటు చెడదని 2008లో తిరువెంగడ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత తేదీ చూసి వెనకటి తేదీ వేసి సృష్టించారేమోనన్న అనుమానం మాత్రం రావచ్చు.

ఇక స్టాంపు తక్కువైతే ఒప్పందం శూన్యం కాదు. 2023 డిసెంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే స్పష్టం చేసింది: అది సాక్ష్యంగా పనికిరాదు, కానీ సరిదిద్దుకోదగిన లోపం. కర్ణాటకలో తక్కువైన సుంకానికి తోడు పదింతల జరిమానా కట్టమంటారు. ఇంటి అడ్వాన్సు అగ్రిమెంటుకు అది కొన్ని వేలు, అమ్మకం అగ్రిమెంటుకు లక్షలు.

సైటు రేటులో సగం వైట్, సగం క్యాష్. క్యాష్‌కు రసీదు లేదు. ఇప్పుడు అమ్మనంటున్నాడు.

వైట్ భాగం వరకు దావా వేయవచ్చు. క్యాష్ భాగం నిరూపించాలంటే మీ నోటితోనే మీరు పన్ను ఎగ్గొట్టారని చెప్పుకోవాలి. ప్రభుత్వ పన్ను ఎగవేతకు ఉద్దేశించిన బేరం ఒప్పందాల చట్టం 23వ సెక్షన్ కింద కోర్టు సాయం పొందదు. ఇద్దరూ దోషులైనచోట డబ్బు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. పైగా 2025 ఏప్రిల్‌లో బెంగళూరుకు చెందిన ఆర్‌బీఏఎన్ఎంఎస్ విద్యాసంస్థ కేసులో, 75 లక్షలు నగదుగా ఇచ్చామన్న వాదన చూసి, 2 లక్షలు, అంతకు మించిన నగదు చెల్లింపు చెప్పే దావా వస్తే ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది. అంటే దావా వేసిన రోజే మీ మీద ఇంకో ఫైలు తెరుచుకుంటుంది.

హొసకోట దగ్గర పొలం చవగ్గా వస్తోంది. ప్రభుత్వం ఇచ్చిన భూమి అంటున్నారు.

చవగ్గా ఎందుకు వస్తోందో మీరే చెప్పారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం మంజూరు చేసిన భూమిని ముందస్తు అనుమతి లేకుండా కొంటే 1978 నాటి కర్ణాటక చట్టం కింద ఆ అమ్మకం శూన్యం. దాన్ని ఇక్కడ పీటీసీఎల్ అంటారు. అసిస్టెంట్ కమిషనర్ ఆ భూమి వెనక్కి తీసుకుని అసలు కుటుంబానికి ఇప్పించవచ్చు. దరఖాస్తు సమంజసమైన కాలంలో పెట్టుకోవాలని 2017లో సుప్రీంకోర్టు అంటే, 2023లో రాష్ట్రం చట్టం సవరించి గడువే లేకుండా చేసింది. మీరు రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఇల్లు కట్టుకుని, ఇరవై ఏళ్లు ఉన్నా ఆ లోపం పోదు. నా అభిప్రాయం అడిగితే, ఆ చట్టం తప్పేమీ లేదు. ఆ కుటుంబాల దగ్గర కారుచవగ్గా కొట్టేసిన చరిత్ర పెద్దదే. గ్రాంటు ఆర్డరు కాపీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

సిమెంటు, స్టీలు ధరలు పెరిగాయని మేస్త్రీ ఒప్పుకున్న రేటుకు ఇల్లు పూర్తి చేయనంటున్నాడు. అలా కుదురుతుందా?

కుదరదు. పని చేయడం అసాధ్యమైతే 56వ సెక్షన్ కింద ఒప్పందం ముగిసిపోతుంది. నష్టం రావడం అసాధ్యం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యానికి నెయ్యి కొనిపెట్టే ఏజెంట్లు ఖర్చులు విపరీతంగా పెరిగాయని ఎక్కువ అడిగారు. 1960లో అలోపీ పర్షాద్ కేసులో సుప్రీంకోర్టు కాదంది. 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో ఇండోనేసియా బొగ్గు ధర పెరిగిందన్న విద్యుత్ కంపెనీలకూ అదే జవాబు. తాత్కాలికమైన అడ్డంకి కూడా చాలదు: యుద్ధకాలంలో స్థలాన్ని ప్రభుత్వం తన అవసరానికి తీసుకున్నా ప్లాట్ల ఒప్పందం ముగిసిపోలేదని 1954లో సత్యబ్రత ఘోష్ కేసు చెప్పింది.

చట్టం మీ పక్షానే ఉంది, అయినా మేస్త్రీతో కోర్టుకు వెళ్లి ఇల్లు కట్టించుకున్నవాళ్లను నేను చూడలేదు. ధర ఇంత శాతం దాటి పెరిగితే తేడా ఇద్దరం పంచుకుంటాం అన్న షరతు ముందే రాసుకోవడం మేలు. సగంలో ఆగిపోతే, అప్పటివరకు జరిగిన పనిని ఫొటోలతో, కొలతలతో ఇద్దరి సంతకాలతో నమోదు చేసుకోండి. ఆ పనికి న్యాయమైన విలువ ఇవ్వక తప్పదు కూడా.

మొదటి అగ్రిమెంటులో ఒకటి ఉంది, తర్వాత వాట్సాప్‌లో ఇంకోటి ఒప్పుకున్నాం. ఏది నిలుస్తుంది?

ఇద్దరూ ఒప్పుకుని పాతదాన్ని మారిస్తే కొత్తదే నిలుస్తుంది, 62వ సెక్షన్. వాట్సాప్ సందేశం కూడా సాక్ష్యమే. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ చట్టం చెప్తుంది. ఒక హద్దు ఉంది: మొదటి పత్రం రిజిస్టర్ అయి ఉంటే, తర్వాతి నోటిమాటతో దాన్ని మార్చామని చెప్పడం కుదరదు. సేల్ అగ్రిమెంటు రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు గడువు పొడిగింపు కూడా రిజిస్టర్ చేయించుకోవడం సురక్షితం.

సంతకాలయ్యాక ఒక పక్షం తనంతట తాను కాగితంలో అంకె దిద్దితే కథ మారిపోతుంది. ముఖ్యమైన మార్పు అయితే, దిద్దినవాడు ఆ పత్రం ఆధారంగా మిమ్మల్ని ఏమీ అడగలేడు. మీ కాపీ మీ దగ్గర ఉండటం అందుకే ముఖ్యం. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టమనేదీ అందుకే.

అప్పుకు ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఇచ్చాను.

అది పెద్ద తప్పు. ఖాళీ నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అంటుంది. ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ రాశాడని మీరు చూపించుకోవాలి. తీసుకున్న డబ్బు బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే ఆ అంకే మీకు రక్ష. ప్రోనోటు తేదీ నుంచి 3 ఏళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అందుకే అప్పిచ్చినవాళ్లు మూడేళ్ల లోపే వెనకాల చెల్లు వేయించుకుంటారు, గడువు మళ్లీ మొదలవుతుంది. మూడేళ్లు దాటాక వేసే చెల్లుకు ఆ బలం లేదు. కానీ "ఆ పాత బాకీ కడతాను" అని కొత్తగా రాసి సంతకం పెడితే 25వ సెక్షన్ ప్రకారం అది కొత్త ఒప్పందమే. "ఊరికే ఒక కాగితం రాసివ్వు బాబాయ్" అని వచ్చినవాడికి ఆ సెక్షన్ సంగతి బాగా తెలుసు.

మా అబ్బాయికి 17. వాడి పేర బైకు ఈఎంఐ తీసుకున్నాడు, వయసు అబద్ధం చెప్పాడు.

అతని మీద ఆ ఒప్పందం చెల్లదు, పెద్దవాడయ్యాక ఒప్పుకున్నా చెల్లదు. 1903లో మొహొరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు) చెప్పింది నేటికీ అదే. బైకు మాత్రం తిరిగి ఇవ్వమనవచ్చు. మీరు గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే మీ సంగతి వేరే.

ఐపీఎల్ పందెంలో గెలిచిన డబ్బు ఇవ్వట్లేదు.

30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం శూన్యం. కోర్టుకు రాకండి.

బిల్డరు అగ్రిమెంటులో నేను ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, ఆయన ఆలస్యం చేస్తే చదరపు అడుగుకు 5 రూపాయలు. సంతకం పెట్టేశాను కదా.

పెట్టినా పోరాడవచ్చు. 2019లో పయొనీర్ అర్బన్ కేసులో ఇలాంటి ఏకపక్ష షరతులు అన్యాయ వ్యాపార పద్ధతేనని, చుక్కల గీత మీద సంతకం పెట్టడం తప్ప కొనుగోలుదారుకు దారి లేదని సుప్రీంకోర్టు గుర్తించింది. 2019 వినియోగదారుల చట్టం అన్యాయమైన ఒప్పందం అన్న మాటకు నేరుగా నిర్వచనమే ఇచ్చింది. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద వడ్డీ రెండువైపులా ఒకే రేటు. గడువు దాటితే వైదొలగి వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగవచ్చు, లేదా ఉండి నెలనెలా వడ్డీ అడగవచ్చు. రిజిస్టర్ అయిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడమే 13వ సెక్షన్‌కు విరుద్ధం, ఆ సంగతి బుకింగు రోజునే గుర్తుంచుకోండి.

నలుగురం కలిసి పీజీ నడుపుతున్నాం. ఒకడు లెక్కలు చూపించట్లేదు. దావా వేయవచ్చా?

పార్ట్‌నర్‌షిప్ రిజిస్టర్ చేయించారా? చాలామంది స్టాంపు పేపరు మీద వాటాలు రాసుకుని వదిలేస్తారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ బయటివాళ్ల మీద ఒప్పందపు బాకీకి దావా వేయలేదు, భాగస్వాములు ఒకరి మీద ఒకరు ఒప్పందపు హక్కు కోసం వేయలేరు. సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగవచ్చు. రిజిస్ట్రేషన్ ఆలస్యంగా అయినా చేయించవచ్చు, కానీ దావా వేసేనాటికి అయి ఉండాలి.

అగ్రిమెంటులో "వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే" అని ఉంది. నేను బెంగళూరులో వేయవచ్చా?

ఒప్పందంలో కొంత భాగం నిజంగా ఢిల్లీలో జరిగి ఉంటే ఆ షరతు నిలుస్తుంది. ఢిల్లీకి ఏ సంబంధమూ లేకపోతే నిలవదు. లేని అధికారాన్ని కాగితం ఇవ్వలేదు. మీరు వినియోగదారైతే ఈ బెంగ అక్కర్లేదు, మీరు ఉంటున్న లేదా పనిచేస్తున్న ఊరి కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దావా వేసే గడువును చట్టం ఇచ్చిన దానికన్నా తగ్గించే షరతు మాత్రం 28వ సెక్షన్ కింద చెల్లనే చెల్లదు.

లాయరు ఫీజు పెట్టుకోలేను. ఎక్కడికి వెళ్లాలి?

మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార కార్యాలయం హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగులలో ఉంది, దేశమంతటికీ హెల్ప్‌లైన్ 15100. తెలుగులో చెప్పుకోగలనా అని భయపడకండి, ఇక్కడ తెలుగు అర్థంకాని లాయర్లు తక్కువే. వెళ్లేటప్పుడు అగ్రిమెంటు అన్ని పేజీలూ, డబ్బు కదిలిన బ్యాంకు స్టేట్‌మెంటు, మెసేజ్‌ల ప్రింట్లు పట్టుకెళ్లండి. మోసం మీకు మొదటిసారి తెలిసిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.